మూడో పొట్లం

నేను కంప్యూటర్లు బిగించడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. అంతకు ముందు మా నాయన పక్కన కూర్చుని టేప్ రికార్డర్లు బాగుచేసేవాణ్ణి. అనంతపురం కమలానగర్‌లో ఒక సందులో నా షాపు. పేరు జమాల్ బాషా, ఊరంతా బాషన్న అంటారు. ఇన్నేళ్లలో నేను సంపాదించిందంటూ ఒకటే ఉంది. బాషన్న మిషను గురించి అబద్ధం చెప్పడు అన్న పేరు. పాత పార్టు వేసి కొత్తదని చెప్పను. అక్కర్లేనిది అంటగట్టను. "ఇది నీకు దండగప్పా, పో" అని మొహం మీదే చెప్పి చెడగొట్టుకున్న బేరాలు చాలా ఉన్నాయి. మా ఇంటామె జుబేదాబీ దీనికి వేరే పేరు పెట్టింది. ఆ పేరు ఇక్కడ రాయను.

రాయాల్సింది నా గురించి కాదు, లహరి గురించి. కానీ ఆ పిల్ల సంగతి చెప్పాలంటే నాకున్న ఈ మంచిపేరు కూడా చెప్పక తప్పదు. అది లేకపోయి ఉంటే ఆమె ఈపాటికి బెంగుళూరులో ఉండేది.

ముందు ఆ కార్డుల సంగతి. గ్రాఫిక్స్ కార్డు అంటే కంప్యూటర్‌లో బొమ్మల్ని తెరమీద పరిగెత్తించే భాగం. మామూలు ఆఫీసు పనికి అది అక్కర్లేదు. పెద్ద పెద్ద ఆటలు ఆడేవాళ్లకు అదే ప్రాణం. మంచి కార్డు ఇటుకంత ఉంటుంది, మూడు ఫ్యాన్లుంటాయి, మిగతా కంప్యూటరంతా ఒకెత్తు, అదొక్కటే ఒకెత్తు. వీటిని చేసేది ముఖ్యంగా రెండు కంపెనీలు. మా సందులో ఎవరూ కంపెనీ పేర్లు పలకరు. ఒకదాని రంగు ఆకుపచ్చ, ఇంకోదాని రంగు ఎరుపు. ఆకుపచ్చ కార్డు, ఎర్ర కార్డు అంటే చాలు. ఆకుపచ్చ వాళ్లకు ఎర్ర వాళ్లను చూస్తే మంట, ఎర్ర వాళ్లకు ఆకుపచ్చ వాళ్లను చూస్తే నవ్వు. ఎలక్షన్లప్పుడు మా జిల్లాలో రెండు పార్టీల వాళ్లు కూడా ఇంతగా తిట్టుకోరు. నా కౌంటరు ముందు కాలర్లు పట్టుకున్నవాళ్లను విడదీసి టీ తాగించి పంపిన రోజులున్నాయి.

లహరి మాత్రం ఎవరితోనూ కొట్లాడలేదు. ఏప్రిల్ ఆఖరులో వాళ్ల నాయనతో కలిసి వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయి. సన్నగా, చేతిలో ఒక పొడుగు రూళ్ల నోటుబుక్కుతో. వాళ్ల నాయన రాఘవేంద్ర నాకు కొత్త మనిషి కాదు. బెళుగుప్ప పక్కన పల్లె వాళ్లది. ఎనభై ఎకరాల ఎర్రనేల, వాన పడితే వేరుశనగ, పడకపోతే చేలో నిలబెట్టిన గాలిమరల మీద కంపెనీ ఇచ్చే కౌలు. మండలంలో ఆయన మాట కాదని ఏ పనీ జరగదు. అనంతపురంలో ఆయనకొక కాంప్లెక్సు ఉంది. నా షాపు ఉన్నది అందులోనే.

"ఏమప్పా బాషా, మా పాపకు కంప్యూటర్ కావల్లంట. ఆటలాడే దాంట్లో అన్నిటికంటే పెద్దది. దుడ్ల సంగతి నువ్వు అడగాకు. ఏది కావల్లో పాప చెప్తాది, నువ్వు బిగించు" అని చెప్పి, కలెక్టరాఫీసులో పనుందని వెళ్లిపోయాడు.

ఆ పిల్ల స్టూలు మీద కూర్చుని నోటుబుక్కు తెరిచింది. "ఆకుపచ్చదా, ఎర్రదా అన్నా? ఏది మంచిదో చెప్పు" అంది.

చెప్పాను. ఆటలో నీడలు, నీళ్ల మీద వెలుగు, అద్దంలో ప్రతిబింబం, ఇవన్నీ నిజంలాగా కనిపించాలంటే ఆకుపచ్చది మేలు. పెట్టిన డబ్బుకు జ్ఞాపకం, అదే మెమరీ, ఎక్కువ కావాలంటే ఎర్రది మేలు. ఆకుపచ్చ దాంట్లో పైదైతే కరెంటు బాగా తాగుతుంది. ఎర్రది ఆ విషయంలో కొంచెం నయం. పది నిమిషాల్లో ఎవరైనా తేల్చుకునే విషయం. ఆమె అన్నీ రెండు రంగుల పెన్నులతో రాసుకుంది. "వచ్చే మంగళవారం చెప్తా అన్నా" అని లేచింది.

వచ్చే మంగళవారం వచ్చింది. కార్డు పొడవు ఎన్ని మిల్లీమీటర్లు, కంప్యూటర్ డబ్బాలో పడుతుందా అని అడిగింది. ఆ పై మంగళవారం మళ్లీ వచ్చింది. ఎండాకాలం మన ఊర్లో నలభై రెండు డిగ్రీలు కదా, ఏది తక్కువ వేడెక్కుతుంది అని అడిగింది. నేను రెండు కార్డులూ బెంగుళూరు హోల్‌సేల్ వాళ్ల దగ్గర నుంచి తెప్పించి పెట్టాను. రెండు పెట్టెలూ నా అల్మారాలో పక్కపక్కన కూర్చున్నాయి. ఆ పిల్ల ప్రతి మంగళవారం పొద్దున బస్సులో వచ్చి, రెండింటినీ బయటకు తీయించి, చేత్తో బరువు చూసి, నోటుబుక్కులో ఏదో రాసుకుని, మధ్యాహ్నం బస్సుకు పోయేది. నాకు ఒళ్లు మండేది. పట్టుచీర ఎంచుకోవడానికి కూడా ఎవరూ ఇన్నిసార్లు మడతలు విప్పించరు.

ఐదో మంగళవారం నేను ఉండబట్టలేక అనేశాను. "పాపా, నీకు కార్డు కావాల్నా, వద్దా? ఈ రెండింటికీ నువ్వు పెళ్లిచూపులు చూస్తాండావా ఏంది?"

ఆమె నవ్వలేదు. నోటుబుక్కు నా వైపు తిప్పింది. పేజీకి మూడు గళ్లు. మొదటి గడి ఆకుపచ్చ పెన్నుతో, రెండోది ఎర్ర పెన్నుతో, రెండూ అంకెలతో నిండిపోయి ఉన్నాయి. మూడో గడికి పేరు లేదు. అందులో పెన్సిలుతో రెండే రాసి ఉన్నాయి. బెళుగుప్ప నుంచి పొద్దున మొదటి బస్సు టైము, దాని కింద జూన్ 30 అన్న తేదీ.

"అది యాడికి?" అన్నాను.

"బెంగుళూరికి" అంది. అప్పుడు చెప్పింది మొత్తం.

ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో స్నేహితురాలు జ్యోతి కంప్యూటర్లో ఆటలు అలవాటయ్యాయట. కానీ గెలవడం మీద ఆమెకు మనసు లేదు. ఆట ఎక్కడ తప్పుతుందో పట్టుకోవడం ఇష్టం. ఏ గోడలో నుంచి కాలు అవతలికి పోతుంది, ఏ తలుపు రెండుసార్లు తెరిస్తే మాయమవుతుంది, ఎవడు చచ్చిపోయాక కూడా నిలబడి ఉంటాడు, ఇవన్నీ వరసగా రాసి ఆట చేసిన కంపెనీలకు మెయిల్ పంపేది. బెంగుళూరులో ఒక కంపెనీ వాళ్లు జవాబిచ్చారు. మూడు పరీక్షలు పెట్టారు. జూన్ ముప్పైకి వచ్చి చేరమన్నారు. ఆటల్లో తప్పులు పట్టే ఉద్యోగం. అలాంటి ఉద్యోగం ఒకటుందని నాకు ఆ రోజు దాకా తెలియదు.

ఇంట్లో ఎలా చెప్పాలా అని ఆలోచించి, ఒకరోజు వాళ్ల నాయన వసారాలో పదిమంది మధ్య ఉన్నప్పుడు చెప్పిందట. అందరి ముందు కాదనలేడని ఆమె లెక్క. ఆయన కాదనలేదు. "బెంగుళూరు ఎందుకు పాపా, ఆ కంప్యూటరేదో మన ఇంట్లోనే పెట్టిస్తా, ఈడనే కూర్చుని ఆడుకో" అన్నాడు. ఈమె బెదరగొడదామని లోకంలో అన్నిటికంటే ఖరీదైన మిషను పేరు చెప్పి, దాని ధర కూడా చెప్పింది. కూర్చున్నవాళ్లంతా నోళ్లు తెరిచారు. ఆయన నవ్వి, "అంతేనా?" అన్నాడు. పదిమందిలో మాట పడిపోయింది. మిషను ఇంటికొస్తే బెంగుళూరు మాట ఎత్తకూడదు. ఏ కార్డో తేల్చిన రోజు ఆమె ఆ కంపెనీకి రాను అని రాసేయాలి. అదీ బేరం.

"మా నాయన చెడ్డోడు కాదు బాషన్నా. అదే వచ్చిన చిక్కు" అంది లహరి. "కొట్టేటోడైతే ఎప్పుడో ఇల్లు వదిలి పోయేదాన్ని. ఆయన అడిగిందల్లా ఇస్తాడు. ఇచ్చేకొద్దీ నాకు కదలడానికి సందు లేకుండా పోతాంది. కార్డు తేలేదాకా ఆ మాట తేలదు. అందుకే తేల్చడం లేదు. ఈలోపల అవ్వ చెప్పి చూస్తాంది, అమ్మ చెప్పి చూస్తాంది."

నేను రెండు పెట్టెలూ మూసి అల్మారాలో పెట్టాను. నాకు నాజ్‌నీన్ అని ఒక కూతురుంది. దానికి పందొమ్మిదేళ్లు. ఆ రోజు లహరికి టీ తెప్పించి, కసిరినందుకు సిగ్గుపడ్డాను.

అప్పటి నుంచి నేనూ ఆ పిల్ల జట్టులో చేరాను. అబద్ధం చెప్పకుండానే చేరాను, అదీ నా గొప్ప. ప్రతి మంగళవారం ఆమెకొక కొత్త సందేహం ఇచ్చేవాణ్ణి, ప్రతి ఒక్కటీ నిజమైన సందేహమే. మీ ఇంటి కరెంటు నిలకడగా ఉంటుందా, చుట్టూ మోటార్లు వేస్తే వోల్టేజి పడుతుందా, పవర్ సప్లై ఎంతది కావాలి, మిషను పెట్టే గది ఎండకు ఎంత కాగుతుంది, ఎర్రమట్టి దుమ్ము ఏ ఫ్యాన్లలో ఎక్కువ పేరుకుంటుంది. ఆమె ఇంటికి వెళ్లి నాయనకు చెప్పేది, బాషన్న ఇంకా ఇది చూడాలంటాన్నాడని. నేను చెప్పానంటే ఆయన నమ్మేవాడు. నాకు లోపల్లోపల సంతోషంగా ఉండేది. ఖర్చు లేని సాయం చేసేటప్పుడు మనిషికి అలాంటి సంతోషమే ఉంటుంది.

జూన్ మూడో వారంలో రాఘవేంద్రన్నే షాపుకు వచ్చాడు.

"ఏమప్పా బాషా, రెండు పెట్టెల్లో ఒకటి తీసుకునేదానికి రెండు నెలలా? నేను ఎద్దుల జత కొన్నా ఒక పూట పట్టేది కాదు."

"రెండూ మంచివేనన్నా. అందుకే తెగడం లేదు" అన్నాను. అదీ నిజమే.

"మనుషులకు తెగకుంటే దేవుణ్ణి అడగల్ల. శనివారం పూలు పెట్టి అడుగుదాం. రెండు పెట్టెలూ, సామానంతా తీసుకొని రా. ఏది వస్తే అది ఆ పొద్దే బిగిచ్చేయ్" అన్నాడు.

ఆ ఇంటి పద్ధతి నాకు తెలుసు. బోరు ఎక్కడ వేయాలన్నా, ఎలక్షన్లో నిలబడాలా వద్దా అన్నా, ఊరి ఆంజనేయస్వామి ముందు పూల పొట్లాలు పెట్టి అడుగుతారు. ఒక కాగితంలో తెల్లపూలు, ఇంకో కాగితంలో ఎర్రపూలు. తెల్లవి వస్తే చేయమని, ఎర్రవి వస్తే వద్దని. ఏ పొట్లంలో ఏముందో తెలియనివాళ్లతో ఒకటి తీయిస్తారు. వచ్చినదాన్ని ఇక ఎవరూ కాదనరు. రాఘవేంద్రన్న ఒకసారి ఎర్రపూలు వచ్చాయని జిల్లా పరిషత్తు సీటే వదులుకున్నాడని చెప్పుకుంటారు.

శనివారం పొద్దున ఆయనే కారు తీసుకుని వచ్చాడు. రెండు పెట్టెలూ వెనక సీట్లో పెట్టుకున్నాం. నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులుంది. వాన జాడ లేదు. దున్ని పెట్టిన చేలు విత్తనం కోసం ఎదురుచూస్తూ పడి ఉన్నాయి, వాటి మీద గాలిమరలు తిరుగుతున్నాయి. దారిలో ఆయన ఆ మాటా ఈ మాటా చెప్తూ, "షాపు ఇరుకైపోయింది కదప్పా నీకు. పైన రూము ఖాళీ అయితాంది, అది కూడా నువ్వే తీసుకో. మన మనిషివి" అన్నాడు. సంతోషం అన్నా అన్నాను. అందులో వేరే అర్థం నాకు ఆ నిమిషం తోచలేదు. ఆయన మనసులోనూ ఏమీ ఉండకపోవచ్చు.

ఇంట్లో లహరి నన్ను మేడ మీదికి తీసుకెళ్లి గది చూపించింది. కొత్త ఏసీ, కొత్త టేబులు, వీపుకు దిండున్న పెద్ద కుర్చీ. గోడకు ఒక భారీ స్టెబిలైజరు. కిటికీకి దుమ్ము రాకుండా సన్నటి జాలీ కొట్టించారు. నేను మీటరు తీసి కరెంటు చూశాను. రెండొందల ముప్పై వోల్టులు, కదలకుండా నిలబడింది.

"మా నాయన ఇంటికని వేరే ట్రాన్స్‌ఫార్మరే పెట్టించినాడు" అంది లహరి. "నువ్వు అడిగిన సందేహాలన్నీ తీర్చేసినాడన్నా."

నేనిచ్చిన ఒక్కొక్క సందేహమూ ఆ గదిలో ఒక్కొక్క సామానై కూర్చుంది. ఏసీ నాది, స్టెబిలైజరు నాది, జాలీ నాది. ఆ పిల్లకు ఊపిరాడే సందు ఇస్తున్నానని అనుకుంటూ గది మొత్తం నేనే కట్టించాను. కిందికి దిగి చెంబెడు నీళ్లు తాగాను.

గుడి దగ్గర ఓ పదిహేను మంది చేరారు. నేను మెట్ల దగ్గర మండపంలో నిలబడ్డాను. పూజారి సోమప్ప పళ్లెంలో పూలు తెచ్చాడు. ఎర్ర కార్డుకు ఎర్రగన్నేరు, ఆకుపచ్చ కార్డుకు మరువం రెమ్మలు. పాత పేపరు ముక్కల్లో పొట్లం కట్టబోతుంటే, రాఘవేంద్రన్న తల్లి యశోదమ్మ కర్ర ఊతంతో ముందుకొచ్చింది.

"నిలబడు సోమప్పా. ఇదేం అడగడంరా నాయనా?" అంది కొడుకుతో. "పూలు పెట్టేది అవునా, కాదా అని. మీ నాయన, మీ తాత అట్లనే అడిగినారు. నువ్వు రెండు పొట్లాల్లోనూ అవుననే కట్టినావు. దేవునికి కాదు అనేదానికి పొట్లం యాడ పెట్టినావు?"

నాకు ఆ ముసలామె పాదాలు పట్టుకోవాలనిపించింది. ఇరవై రెండేళ్లుగా మిషన్లు విప్పే నేను గానీ, ఇంజనీరింగ్ చదివిన లహరి గానీ పట్టని తప్పును ఆమె పట్టింది.

"అయితే ఏం చేయమంటావమ్మా?" అన్నాడు రాఘవేంద్రన్న.

"మూడో పొట్లం కట్టు. తెల్లపూలు పెట్టు. అది వస్తే పాపను పంపించు."

లహరి నోటుబుక్కు గుండెకు ఆనించి పట్టుకుంది. ఆయన చుట్టూ చూశాడు. దేవుడి ముందు, పదిహేను మంది ముందు, కన్నతల్లి అడిగింది. సీటు వదులుకున్నవాడు దీనికి వెనకాడితే ఊరు ఏమంటుంది. "సరే, కట్టప్పా" అన్నాడు. సోమప్ప గుప్పెడు మల్లెమొగ్గలు తెచ్చి మూడో పొట్లం కట్టాడు. మూడింటినీ లోపలికి తీసుకెళ్లి, స్వామి పాదాల దగ్గర పెట్టి, కలిపి, పళ్లెంలో వరసగా పేర్చుకుని బయటకు వచ్చాడు.

మామూలుగా చిన్నపిల్లలతో తీయిస్తారు. కానీ పోయినసారి బోరు విషయంలో పిల్లవాడికి ముందే నేర్పించారని దాయాదులు గొడవ చేశారట. రాఘవేంద్రన్న నా వైపు చెయ్యి చూపించాడు. "బాషా తీస్తాడు. ఆయనకు ఈ పక్షమూ లేదు, ఆ పక్షమూ లేదు. అనంతపురమంతా అడగండి, బాషా అబద్ధమాడతాడేమో." ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. యశోదమ్మ కూడా తలూపింది. సోమప్ప పళ్లెం నా ముందుకు తెచ్చాడు.

ఇక్కడ నా వేళ్ల గురించి ఒక మాట చెప్పాలి. కంప్యూటర్ ప్రాసెసర్ కింద వెంట్రుకంత సూది వంగినా నా వేలికి తెలుస్తుంది. చూపు మందగించాక సగం పని వేళ్లతోనే చేస్తున్నాను. నేను కావాలని తడమలేదు. కళ్లు మూసుకుని చెయ్యి పెట్టాను, అంతే. ఈ చివరి పొట్లం మీద పడింది. కాగితం కింద పుల్లలు తగిలాయి, మరువం. నడిమి పొట్లం మీదికి జరిగింది. గుండ్రంగా, గట్టిగా, శనగగింజల్లా తగిలాయి. మల్లెమొగ్గలు.

తెలిసిపోయింది. తెలియకుండా తీయాల్సిన మనిషికి తెలిసిపోయింది.

కళ్లు తెరిచాను. అలా తెరవకుండా ఉండాల్సింది. ఎదురుగా రాఘవేంద్రన్న. ఆయన పొట్లాలను చూడటం లేదు, నన్ను చూస్తున్నాడు. కోపం లేదు, బెదిరింపు లేదు. సొంత మనిషిని చూసినట్టు, నిమ్మళంగా చూస్తున్నాడు. ఆయన కాంప్లెక్సు, నా షాపు, పైన ఖాళీ అవుతున్న రూము, జుబేదాబీ, నాజ్‌నీన్ కాలేజీ, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. అవన్నీ బేరీజు వేసుకుని చేశానని చెప్పలేను. నా చెయ్యి ఆ చివరికి జరిగింది. మెత్తగా తగిలిన పొట్లం పట్టుకుని పైకి తీసింది.

సోమప్ప విప్పాడు. ఎర్రగన్నేరు.

ఎవరో చప్పట్లు కొట్టారు. "ఎర్రది! స్వామి ఎర్రది అన్నాడు" అని అరిచారు. యశోదమ్మ చేతులెత్తి దండం పెట్టుకుని, మనవరాలి తల నిమిరి, "దేవుడే చెప్పినాక ఇంకేం చేస్తాం తల్లీ" అంది. లహరి ఏడవలేదు. పెన్సిలు తీసి, నోటుబుక్కులో మూడో గడి మీద నిలువుగా ఒక గీత గీసింది.

ఆ రోజు నుంచి నన్ను నేను ఎన్నో రకాలుగా సమర్థించుకున్నాను. చూడకుండా తీయాలన్నది రూలు కదా, నాకు తెలిసిపోయాక మల్లెమొగ్గలు తీసినా మోసమే కదా అని. నిజమే. ఏది తీసినా మోసమే. రెండు మోసాల్లో నాకు నష్టం లేనిదాన్ని ఎంచుకున్నాను. ఇంతకు మించి దాంట్లో ధర్మమేమీ లేదు.

మధ్యాహ్నానికల్లా మిషను బిగించేశాను. చేతులు అలవాటుగా పని చేశాయి. స్విచ్ వేస్తే లోపల ఎర్రదీపం వెలిగింది. ఊరివాళ్లు వరసగా వచ్చి చూసి వెళ్లారు. లహరి కంపెనీకి రాయాల్సిన నాలుగు వాక్యాలూ ఆ కొత్త మిషను మీదనే రాసింది. నేను పక్కనే ఉండి, ఇంటర్నెట్ బాగా వస్తోందా అని చూశాను. ఆకుపచ్చ కార్డు ఒక్కసారైనా మిషనెక్కకుండానే బెంగుళూరుకు తిరిగి వెళ్లిపోయింది.

మళ్లీ ఆ ఇంటికి పోయింది దీపావళి అయ్యాక. కార్డు ఫ్యాను చప్పుడు చేస్తోందని ఫోన్ చేసింది. వెళ్లేసరికి కిటికీ జాలీ ముందు కుర్చీలో కూర్చుని ఏదో ఆట ఆడుతోంది. కొంచెం ఒళ్లు చేసింది. పక్కన అదే నోటుబుక్కు. ఇప్పటికీ తప్పులు పట్టి కంపెనీలకు రాస్తుందట. థ్యాంక్స్ అని జవాబొస్తుందట. బెంగుళూరు ఉద్యోగంలో వేరే అమ్మాయి చేరిందట. రాఘవేంద్రన్న కింద ఎవరో వచ్చినవాళ్లకు కూతురి మిషను గురించి గొప్పగా చెప్తున్న మాటలు పైకి వినిపిస్తున్నాయి.

నేను డబ్బా విప్పి, బ్రష్షుతో దుమ్ము దులపడం మొదలుపెట్టాను. జాలీ ఉన్నా ఎర్రమట్టి సన్నగా చేరింది. లహరి నా చేతుల్ని చూస్తూ కూర్చుంది.

"నడిమి పొట్లం మీద నీ వేళ్లు ఆగినాయి బాషన్నా" అంది.

నా బ్రష్షు ఆగిపోయింది.

"ఆగినాయి, నొక్కినాయి. మళ్లీ కళ్లు తెరిచినావు. ఆ పక్కకు పోయినావు. నేను మెట్ల మీద నుంచి చూస్తానే ఉండా." గొంతులో కోపం లేదు. ఆటలో ఏ గోడ దగ్గర ఏం తప్పు జరిగిందో చెప్పినట్టే చెప్పింది. "తప్పులు పట్టేది కదా నా పని."

"ఎవరికీ చెప్పలేదా పాపా?"

"అవ్వ దేవుడే చెప్పినాడని నమ్మింది. ఆమెకు ఆ నమ్మకమన్నా మిగలనీ. నాయనకు చెప్పల్లనుకున్నా. చెప్తే ఏం చేస్తాడు? నీ షాపు తీసేయడు. నీకు ఇంకో రూము ఇస్తాడు. అది చూడలేక ఊరికే ఉండా."

పైన రూము నేను ఆగస్టులోనే తీసుకున్నాను. ఆ సంగతి ఆమెకు తెలుసు. క్షమించమని అడగలేదు. ఆమె దానికోసం ఎదురుచూస్తున్నట్టు కూడా లేదు. ఫ్యాను శుభ్రం చేసి, కార్డు మళ్లీ బిగించి, స్విచ్ వేశాను. చప్పుడు పోయింది.

"ఇది ఎన్నేళ్లు వస్తాదన్నా?" అని అడిగింది.

మిషను గురించి అడిగింది కాబట్టి నిజమే చెప్పాను. "దుమ్ము పట్టకుండా చూసుకుంటే ఏడెనిమిదేళ్లు యాడికీ పోదు పాపా."

"ఏడెనిమిదేళ్లు" అని తనలో తాను అనుకుని, లహరి కుర్చీ తెర వైపు తిప్పుకుంది.